మామ ఇచ్చిన మోటరు

పోయిన నెల కళ్ళు చూపించుకోవడానికి మహబూబ్‌నగర్ వెళ్ళాను. డాక్టరు కొత్త దవాఖాన ఎక్కడుందో వెతుక్కుంటూ ఆటో ఒక సందులోకి తిరిగింది. నాకు చూపు మసకగానే ఉంది గాని ఆ సందును గుర్తుపట్టడానికి కళ్ళు అక్కరలేదు. మలుపు దగ్గర నేల కాస్త పల్లంగా దిగి మళ్ళీ ఎక్కుతుంది, ఆ కుదుపు నా నడుముకు తెలుసు. ఒకప్పుడు అన్నీ వకీళ్ళ ఇళ్ళే. మా మామ బంగళా ఉన్నచోట ఇప్పుడు మూడంతస్తుల కట్టడం లేచింది. కింద మందుల దుకాణం, పైన పిల్లలకు చదువు చెప్పే సెంటరు. ఆటో డ్రైవరు దారి అడగడానికి అక్కడే ఆపాడు. ఎండలో ఆ కాసేపు కూర్చున్నందుకే మా అమ్మ గొంతు, తోలు సీటు వాసన, మామ మీది కోపం అన్నీ కలిసి వచ్చాయి. కోపం ఏమాత్రం పాతబడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది నారాయణపేట. ఇంటి ముందు సావడిలో గుంత మగ్గాలు, వెనక పెరట్లో రంగులు కాచే కుండలు. మా ఇంటికి ఒక వాసన ఉండేది: పులిసిన గంజి, తడి పట్టు, పిడకల పొగ, వీటి మధ్య పొయ్యి మీద కాలే జొన్నరొట్టె. పొద్దున లేస్తే మగ్గాల చప్పుడే మాకు గడియారం. మా నాన్నను బాపు అనేవాళ్ళం. బాపు తల్లి, మా అవ్వ, కళ్ళు దాదాపు పోయాక కూడా సావడి గడప దగ్గరే కూర్చునేది. మగ్గం దిగిన ప్రతి చీర అంచునూ బొటనవేలి గోటితో గీకి చూసి, బాగుంటే ఏమీ అనేది కాదు, బాగా లేకుంటే నేసినవాడి పేరు పిలిచేది. బాపు మెత్తని మనిషి. కొత్త వస్తువంటే చాలు, చిన్నపిల్లవాడైపోయేవాడు. మా వీధిలో మొదటి పెట్రోమాక్స్ దీపం మాదే, మొదటి రేడియో మాదే.

అమ్మ పేరు నాగమ్మ. చదువు లేదు. చిన్నప్పుడు వాళ్ళ నాయిన మగ్గానికి కండెలు చుడుతూ కూర్చుంది. ఆ మగ్గం మీద వచ్చిన దానితోనే అన్న, అంటే మా మామ, హైదరాబాదులో చదివి వకీలయ్యాడు. ఇది అమ్మ ఏనాడూ ఫిర్యాదుగా చెప్పలేదు. గొప్పగా చెప్పుకునేది. ఆమె కుడిచేతి చూపుడు వేలి మీద దారం కోసిన గాడి ఒకటి ఉండేది. ఎవరైనా అడిగితే "మా అన్న వకీలు చదువు" అని నవ్వేది.

మామ దగ్గరికి వచ్చేవాళ్ళలో దొరలు ఎక్కువ. జాగీర్లు పోయిన కాలం అది, వాళ్ళకు కేసులు చాలా ఉండేవి. అలాంటి ఒక దొర ఇచ్చిందే ఆ కారు. మా ఊళ్ళో అందరూ మోటరు అనేవాళ్ళు. ఓడలో సీమ దేశం నుంచి వచ్చింది, నల్లగా, పొడుగ్గా ఉండేది. పక్కన కాలు పెట్టి ఎక్కే మెట్టు, లోపల ఎర్ర తోలు సీట్లు, కిటికీలకు పట్టు తెరలు. తలుపు తెరిస్తే తోలు, అత్తరు, పెట్రోలు కలిసిన వాసన వచ్చేది. మామ దానిలో మా ఇంటికి వచ్చినప్పుడు మగ్గాలన్నీ ఆగిపోయేవి. అత్తా పిల్లలు మాత్రం వెనక బస్సులో వచ్చేవాళ్ళు. పిల్లలు సీట్లు పాడుచేస్తారని మామ చెప్పేవాడు. అంత మంచి సీట్లు చూసిన మేము ఆ మాట నమ్మాం.

మా తాత చనిపోతూ మహబూబ్‌నగర్‌లో కోర్టు కచేరీకి దగ్గర్లో ఉన్న జాగా ఒకటి అమ్మ పేర రాశాడు. ఖాళీ జాగా, చుట్టూ రాతిగోడ. ఒకరోజు మామ భోజనం చేసి, చేయి కడుక్కుని, తమలపాకు మడుస్తూ ఆ మాట ఎత్తాడు.

"చెల్లె, గా జాగ ఊకెనే పడి ఉన్నది. నాకు ఇల్లు కట్టుకోవాలె. మీరు చీరలు పట్టుకొని గద్వాల, రాయిచూరు తిరుగుతుంటరు. మోటరు మీరు తీస్కోండ్రి, జాగ నాకియ్యండ్రి. బావకు మోటరుంటే యాపారం తీరే మారిపోతది."

బాపు ముఖం అప్పుడే వెలిగిపోయింది. అవ్వ గడప దగ్గర నుంచి అంది: "జాగ తినదు, తాగదు. ఉండనీయుండ్రి." అమ్మ అన్నవైపు చూసింది, బాపువైపు చూసింది. "అన్న అడిగినంక ఇంక మాటేంది" అంది. కాగితం మీద వేలిముద్ర వేసింది. ఆ గాడి ఉన్న వేలి పక్క బొటనవేలితో.

మోటరు మా వీధికి వచ్చిన మొదటి వారం పండుగే. బాపు సత్తార్ అనే డ్రైవరును పెట్టుకున్నాడు. సత్తార్ మంచివాడు గాని ఆ బండి ఎవరి మాటా వినే రకం కాదు. ఊళ్ళో అందరి ముందూ బాగానే కదిలేది, ఊరు దాటాక ఆగేది. నీళ్ళు మరిగి మూతి నుంచి ఆవిరి కొట్టేది. ఒకసారి గేరు పడేది, ఒకసారి పడేది కాదు. పడితే వెనక్కి రాదు. దాన్ని తోయడానికి మగ్గాల మీది మనుషులు లేచి వెళ్ళడంతో పెళ్ళిచీరలు సగంలో ఆగిపోయేవి. జోగులాంబ తల్లిని చూడాలని అవ్వ ఎన్నాళ్ళ నుంచో అడుగుతుంటే బాపు అందరినీ ఎక్కించి అలంపురం బయలుదేరదీశాడు. గద్వాల దాటాక మోటరు ఒక వాగులో కూలబడింది. అవ్వకు జోగులాంబ దర్శనం కాలేదు. వేరుశనగ బస్తాలు వేసిన ఎడ్లబండి మీద, బస్తాలకు ఆనుకుని ఇంటికి వచ్చింది. బాపు మాత్రం కారు పక్కన నిలబడి, పసిబిడ్డకు జ్వరమొస్తే తల్లి మాట్లాడినట్టు దానితో మాట్లాడేవాడు. మామకు చెబితే నవ్వేవాడు. "దొరల ఇంట్ల పెరిగిన బండి బావా, జర నాజూకు. నడిపేటోనికి రావాలె" అనేవాడు. ఈలోగా మా జాగాలో ఆయన బంగళా గోడలు లేచాయి.

నాకప్పుడు పదిహేనేళ్ళుంటాయి. అమ్మకు నా తర్వాత చాలాకాలానికి మళ్ళీ కడుపు పండింది. అందరికీ మగపిల్లవాడని ఆశ. నొప్పులు మొదలైన పొద్దున మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగిందని, పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మని చెప్పింది. బస్సు బయలుదేరే వేళే. అవ్వ బస్సులోనే తీసుకుపొమ్మంది. "బస్సుల ఎట్ల కూసుంటది? మోటరుల పండుకొని పోతది" అని బాపు. ఆయన ప్రేమతోనే అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది.

వెనక సీటులో అమ్మ తల నా ఒడిలో. మరికల్ దాటేదాకా మోటరు ఎన్నడూ లేనంత బాగా పరిగెత్తింది. ఆ తర్వాత ఒక చప్పుడు, సంచిలో రాళ్ళు కదిలినట్టు. నిలిచిపోయింది. అటూ ఇటూ కోసిన జొన్నచేలు, ఒక్క మనిషి లేడు. సత్తార్ మూత ఎత్తాడు, బాపు బండి కోసం రోడ్డు వెంట పరిగెత్తాడు. తెరలు దించి నేను ఒక్కదాన్నే అమ్మ దగ్గర ఉన్నాను. బాపు ఎడ్లబండి తీసుకువచ్చేసరికి ఎర్ర తోలు సీటు మీద తమ్ముడు పుట్టాడు. ఏడవలేదు. నేను వాడి వీపు నిమిరాను, నోట్లో వేలు పెట్టాను, ముఖం మీద ఊదాను. నాకు తెలిసింది అంతే. బాపు వాడిని తన పైకండువాలో చుట్టి ఆ జొన్నచేను గట్టు కిందే పూడ్చిపెట్టాడు. మేము దేవరకద్ర దవాఖానకు చేరి, అక్కడి నుంచి పెద్ద దవాఖానకు వెళ్ళాం. అమ్మ బతికింది.

ఇంటికి వచ్చాక బాపు పూర్తిగా మారిపోయాడు. తన వల్లే జరిగిందని మగ్గం వైపు చూడడు, అన్నం వైపు చూడడు. అమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అంతా రాత అనుకునే ఉండేది బహుశా, అత్త రాకపోతే. అత్త అంటే మామ భార్య, కల్లాకపటం తెలియని మనిషి. పరామర్శకు వచ్చి అమ్మ మంచం మీద కూర్చుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ అంది: "ఎంత పని చేసింది నాగమ్మా గా మోటరు. మీ అన్న మా పిల్లలను ఒక్కనాడు అండ్ల ఎక్కనియ్యలే తెలుసా."

అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఇటు తిరిగింది.

"ఎందుకు ఎక్కనియ్యలే వదినా?"

"నడుమ ఎక్కడ్నో ఆగుతది, పానం మీదికి తెస్తది, పిల్లలతోని నమ్మద్దు అనెటోడు. గందుకే మేం బస్సుల వచ్చేది."

తను ఏమందో అత్తకే తెలియలేదు. కాసేపు కూర్చుని, నిమ్మకాయ తొక్కు పచ్చడి గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. అమ్మ ఆ గిన్నె ముట్టలేదు. ఆ రోజు సాయంత్రం లేచి స్నానం చేసి, పొయ్యి దగ్గర కూర్చుని తనే రొట్టె చేసింది. అవ్వ వినికిడి మాత్రం చురుకే. "బిడ్డా, నువ్వు మనసుల ఏదో అనుకుంటున్నవు" అంది. "ఏం లేదత్తా" అంది అమ్మ. ఆ చేతుల్లో పిండి చరిచే చప్పుడు నేను అంతకు ముందెప్పుడూ అంత గట్టిగా వినలేదు.

మోటరును అప్పటికే ఎడ్లతో మా ఇంటికి లాక్కొచ్చి పెట్టారు. అమ్మకు ఒంట్లో శక్తి వచ్చాక రెండు జతల ఎడ్లను మాట్లాడి మోటరుకు కట్టించింది. బాపు వద్దన్నాడు. "మీ అన్న వకీలు, మనం వాళ్ళతోని గెలుస్తమా" అన్నాడు. "కొట్లాటకు పోతలేను. ఆయన వస్తువు ఆయనకిచ్చి వస్త" అని అమ్మ వెనక సీటులో, అదే సీటులో, ఎక్కి కూర్చుంది. నన్నూ ఎక్కమంది. మధ్యలో దేవరకద్రలో తెలిసినవాళ్ళింట్లో పడుకుని వెళ్ళాం. జొన్నచేను గట్టు వచ్చినప్పుడు అమ్మ దిగలేదు. ఎడ్లకు నీళ్ళు తాపమని చెప్పి, అవి తాగేదాకా అటే చూసింది.

మామ బంగళా గేటు దిమ్మెలకు సున్నం కూడా ఆరలేదు. సరిగ్గా దాని ముందు మోటరు ఆపించింది. మామ నల్లకోటు గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు, కచేరీకి వెళ్ళే వేళ.

"ఇదేంది చెల్లె?"

"నీ మోటరు తెచ్చిన. నా జాగ నాకియ్యి."

"రాసిచ్చిన జాగ గది. ఇల్లు కట్టినంక ఎట్లిస్తరు? నీ బాధ నాకు తెలుసు, లోపలికి రా."

"బాధ సంగతి తర్వాత. నీ పిల్లలను దీన్ల ఎక్కనియ్యకుంటివట. నన్నెందుకు ఎక్కిస్తివి?"

మామ అటూ ఇటూ చూశాడు. ఎదురింటి వకీలు అరుగు మీద నిలబడి ఉన్నాడు. "ఎవలన్నరు? ఎవలో ఏదో చెప్తె..." అంటుంటే అమ్మ ఇక ఆయనవైపు చూడలేదు. బండివాళ్ళకు చెప్పి మోటరు నాలుగు చక్రాలూ ఊడదీయించి, ఇరుసుల కింద రాళ్ళు పెట్టించింది. చక్రాలను అద్దెబండిలో వేసుకుని నారాయణపేట వచ్చేశాం. మోటరు గేటు ముందే ఉండిపోయింది, మనిషి పక్కకు తిరిగి వెళ్ళేంత సందు మాత్రం వదిలి.

అక్కడితో ఊరుకుంటుందనుకున్నాం. నెల తిరిగేసరికి అమ్మ చీరల మూట కట్టుకుని, నన్ను తోడు తీసుకుని బస్సెక్కింది. మహబూబ్‌నగర్‌లో దిగి నేరుగా ఆ సందుకు వెళ్ళి, మోటరు వెనక తలుపు తెరిచి, సీటు మీద దుప్పటి పరిచి చీరలు పేర్చింది. గళ్ళ చీరలు ఒక పక్క, పట్టు అంచువి ఒక పక్క. ఆఫీసర్ల భార్యలు, దవాఖాన నర్సమ్మలు, బడి పంతులమ్మలు వచ్చేవాళ్ళు. కొందరు చీరలకు, కొందరు సంగతి తెలుసుకోవడానికి. "ఇదేందమ్మా, మోటరుల కూసోని అమ్ముతున్నవు?" అని అడిగితే అమ్మ గొంతు పెంచకుండా, తగ్గించకుండా చెప్పేది: "మా అన్న ఇచ్చిండు, నా జాగకు బదులు. గీ ఇల్లు ఉన్నదే గా జాగ. గీ సీటు మీదనే నా కొడుకు పుట్టి పోయిండు. గీ అంచు మీకు బాగుంటదమ్మా, పట్టి చూడుండ్రి." ఎవరడిగినా అవే మాటలు. మధ్యాహ్నం మూట విప్పి రొట్టె తినేవాళ్ళం. అత్త నీళ్ళచెంబు పట్టుకుని గేటు దగ్గర నిలబడేది. అమ్మ తీసుకునేది కాదు. వీధి కొసన ఉన్న బోరింగు నుంచి నేను తెచ్చేదాన్ని.

ఒక నెల మేము వెళ్ళేసరికి మోటరు లేదు. మామ కూలీలను పెట్టి సందు చివరికి ఈడ్పించాడు. అమ్మ గేటు ముందు నేల మీద, మట్టిలో, కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. వకీలు చెల్లెలు వీధిలో కూర్చుందని చూడడానికి జనం గుమిగూడారు. మామ తన మనుషుల చేతనే మోటరును మళ్ళీ గేటు ముందుకు తెప్పించాడు. అమ్మ లేచి, చీర దులుపుకుని మోటరు లోపల కూర్చుంది. నాకు ఆ రోజు కడుపు నిండినట్టయింది. ఇప్పుడు రాస్తుంటే కూడా అంతే.

ఏళ్ళు గడిచాయి. బాపు నెమ్మదిగా మగ్గం ఎక్కాడు. మామ దగ్గరికి వచ్చే మనుషులు తగ్గారు. సొంత చెల్లెల్ని ఇట్లా చేసినవాడు మన కాగితాలు ఎట్లా చూస్తాడని జనం అనుకునేవాళ్ళట. నేను టీచరు ట్రైనింగులో చేరాను. మామ కొడుకు, మా బావ, అప్పటికి చదువు పూర్తి చేశాడు. చిన్నప్పటి నుంచి నేను అతనికే అని రెండు ఇళ్ళలోనూ అనుకున్న మాటే. మేము ఆ మోటరులో కూర్చున్న రోజుల్లో అతను కిటికీ దగ్గర నిలబడి, వాళ్ళ నాయిన చూడకుండా, నాకు పుస్తకాలు ఇచ్చిపోయేవాడు. అతనంటే నాకు ఇష్టమే. ఒకరోజు మామ బస్సులో మా ఇంటికి వచ్చాడు. ఆయన బస్సు దిగి నడిచి రావడం అదే మొదటిసారి.

"చెల్లె, పిల్లను మా ఇంటికియ్యి. రేపు గా ఇల్లు దానిదే అయితది. నీ జాగ నీ బిడ్డకే వచ్చినట్టు. ఇద్దరికీ మంచిగుంటది" అన్నాడు. వకీలు మాట, ఎక్కడా తప్పు పట్టలేం.

అమ్మ కండె చుడుతోంది. చేయి ఆపలేదు. "నన్నెందుకు అడుగుతవు? అది ఈడనే ఉన్నది, దాన్నే అడుగు."

మామ నావైపు తిరిగి "ఏమంటవు బిడ్డా" అన్నాడు, చాలా మెత్తగా.

"మామా, మీ ఇంట్ల కోడలికి నొప్పులొస్తే ఏ మోటరుల తీస్కపోతరు?" అన్నాను.

మగ్గం మీద బాపు చేతిలో నుంచి అటూ ఇటూ దారం లాగే నాడె జారి గుంతలో పడింది. మామ తన ముందున్న మజ్జిగ తాగకుండా లేచి వెళ్ళిపోయాడు. బావ మీది ఇష్టాన్ని కూడా ఆ మాటలోనే పెట్టి విసిరానని నాకు తెలుసు. తర్వాత అతనికి షాద్‌నగర్ పిల్లతో పెళ్ళయింది. నేను ఏడ్చాను గాని, ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. ఇంకా గట్టిది దొరికితే అదే అనేదాన్ని.

ఆ ఎండాకాలం, చీరలు కొనేవాళ్ళు లేని ఒక మధ్యాహ్నం, మామ గేటు తెరుచుకుని వచ్చి ముందు తలుపు తెరిచి డ్రైవరు సీటులో కూర్చున్నాడు. తుప్పు పట్టిన తలుపు మూసుకోలేదు. ఆయన వెనక్కి తిరగకుండానే మాట్లాడాడు.

"తప్పయింది చెల్లె."

అమ్మ చీర మడత పెడుతోంది. "ఏది తప్పయింది?"

"మోటరు ఇచ్చుడు."

"అది ఆగుతదని నీకు ఎర్కనా?"

మామ మెడ మీద చెమట కారుతోంది. స్టీరింగు పట్టుకుని అన్నాడు: "ఎర్కనే."

అమ్మ ఆ మాట విని మడత పూర్తి చేసింది. మామ వెనక్కి తిరిగాడు. "ఇగ లోపలికి రా. జాగ నీ పేర మల్ల రాసిస్త. ఇల్లు సుత రాసిస్త, నేను ఎక్కడ్నో కిరాయికుంట."

"వద్దు. ఉంచుకో" అంది అమ్మ. "అండ్ల నువ్వే ఉండాలె. నేను బయట కూసుండాలె."

మామ దిగి లోపలికి వెళ్ళాడు. తర్వాతి నెలకు బంగళా వెనకగోడకు కొత్తగా ఒక చిన్న తలుపు కనిపించింది. ఆయన రాకపోకలన్నీ ఆ తలుపు నుంచే. ముందు గేటు మా కోసం, మా మోటరు కోసం ఉండిపోయింది.

ఇప్పుడు మా ఇళ్ళలో ఎవరికి ఎవరితో చెడినా ఫోన్లో పేరు తీసేస్తారు. పెళ్ళికి పిలవరు, ఎదురైతే రోడ్డు దాటి పోతారు. మా మనవరాలు ఒక స్నేహితురాలిని అలాగే తీసేసి, రెండు రోజుల్లో మరిచిపోయింది. దాన్ని పంతం అంటారట. అమ్మ అయితే దాన్ని పారిపోవడం అనేది. పగ పట్టినందుకు ఆమె నెలనెలా బస్సు ఛార్జీ పెట్టుకుని, మూట మోసుకుని, ఆ మనిషి వాకిట్లో ఎండలో కూర్చుంది. నేను ఉద్యోగంలో చేరి తోడు వెళ్ళలేని రోజుల్లో కూడా ఒక్కతే వెళ్ళింది. జ్వరమొచ్చినా మానలేదు.

మామ గుండె ఆగి చనిపోయాడని కబురొచ్చినప్పుడు నేను సెలవు పెట్టి అమ్మతో వెళ్ళాను. శవాన్ని వెనక తలుపు నుంచి తీయకూడదన్నారు పెద్దలు. ముందు గేటు నుంచే తేవాలి. మోటరు అడ్డం. పాడె మోసేవాళ్ళు పాడెను ఒక పక్కకు వంచి, ఒక్కొక్కరే ఆ సన్నటి సందులోంచి బయటికి వచ్చారు. అమ్మ మోటరు పక్కనే నిలబడి ఉంది. పాడె తనను దాటుతుంటే వంగి, మామ పాదం మీద చేయి వేసి, "అన్నా" అని ఒక్కసారి పెద్దగా ఏడ్చింది. అన్ని ఏళ్ళ తర్వాత ఆ పిలుపు వినడం. ఎవరూ ఆమెను పక్కకు జరగమనలేదు.

దశదినకర్మ అయ్యాక అమ్మ పాత ఇనుము కొనేవాడిని పిలిపించి మోటరును తీసుకుపొమ్మంది. వాడు దాన్ని ముక్కలు చేస్తుంటే అత్త గేటు దగ్గర, అమ్మ వీధిలో నిలబడి చూశారు. తిరుగు బస్సులో, దేవరకద్ర దాటాక, అడగాలనుకున్నది అడిగాను.

"అమ్మా, ఇప్పటికన్న నీ కోపం పోయిందా?"

అమ్మ కిటికీ నుంచి చేలవైపు చూస్తోంది. ముఖం ఇటు తిప్పలేదు.

"యాడ పోతది? మనిషే పోయిండు. ఇగ ఎవల ముందట కూసుండాలె నేను?"